మలుపు దగ్గర ఇంజను ఆపితే

మా నాన్న సర్వీసు జీపు తోలేవాడు. అరకు నుంచి పాడేరు వైపు, సంత రోజుల్లో ఎటు సంత ఉంటే అటు. లోపల పట్టినంతమంది, పట్టనివాళ్ళు వెనక చువ్వలు పట్టుకుని, టాపు మీద అల్లం బస్తాలు, కోళ్ళ బుట్టలు. నేను బడికి వెళ్ళింది ఆ జీపులోనే, స్టీరింగు పట్టడం నేర్చుకుంది దాని మీదే. అది ముసలిదైపోయింది. ఇంక దీనికి పర్మిట్ ఇచ్చేది లేదన్నారు. నాన్న దాన్ని పాత ఇనుము కొనేవాళ్ళకి ఇచ్చేశాడు. ఇచ్చే ముందు మాత్రం కాళ్ళ కింద ఉండే మందపాటి రేకు, హారను, వెనక తలుపు గొలుసు విప్పుకుని గోనెసంచిలో ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ సంచి కొన్నాళ్ళు వరండాలో మూలన ఉంది. దాన్ని కదిపితే ఊరుకునేవాడు కాదు.

సరిగ్గా ఆ ఏడాదే నేను కారు కొన్నాను. నేను కాఫీ పళ్ళ తొక్క తీసే యూనిట్లో సూపర్వైజర్ని. ఊరూరూ తిరగడం, పండు చూడటం, పచ్చి కాయలు కలిపి తెచ్చినవాళ్ళతో గొడవ పడటం నా పని. నోరు లేకపోతే ఈ పని చెయ్యలేరు. నాకు నోటికి లోటు లేదని అమ్మ అందరికీ చెబుతూనే ఉంటుంది.

ఘాట్ రోడ్డు మీద ఒకసారి మా యూనిట్ వ్యాన్‌ని ఒక చిన్న కారు దాటుకుని పోయింది. చూడటానికి మామూలు ఫ్యామిలీ కారు, పొట్టిది, వెనక డిక్కీ తలుపు నిటారుగా ఉండే రకం. కానీ ఆ ఎక్కుడులో అది పోయిన తీరు చూసి నేను కిటికీలోంచి మెడ చాచాను. తర్వాత తెలిసింది, దాని చిన్న ఇంజనుకి టర్బో ఉంటుందని, కుర్రాళ్ళు వాటిని హాట్ హ్యాచ్ అంటారని. అప్పటి నుంచి నాకు అదే యావ. చివరికి విశాఖపట్నంలో ఒక కుర్రాడి దగ్గర సెకండ్ హ్యాండ్‌ది దొరికింది. పెళ్ళి చేసుకోమంటే కారు చేసుకుందని అమ్మ చుట్టాలకి చెప్పుకుంది. చెప్పుకోనీ అనుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజే నా సంబరం సగం దిగిపోయింది. మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ మీద దాని పొట్ట గరగరా రాసుకుంది. ఆ కుర్రాడు అందం కోసం స్ప్రింగులు కోయించి కారుని కిందకి దింపాడట. సముద్రం ఒడ్డున నున్నటి రోడ్ల మీద తిరిగేవాళ్ళకి అది అందమేమో, మాకు మాత్రం చావు. నాన్న వరండా దిగి వచ్చాడు. గొంతుక్కూర్చుని కిందకి చూశాడు.

"దీన్ని ఎవుడో కూకోబెట్టీసినాడే," అన్నాడు. "లేపాల."

జీపు పోయాక ఆయన నోట వచ్చిన మొదటి పూర్తి మాట అదే. అంతకుముందు కొన్ని నెలలుగా ఏమడిగినా ఊఁ అనడమే. టీవీ ముందు కూర్చునేవాడు గానీ దాని సౌండు ఇల్లెగిరిపోయేలా పెట్టేవాడు. జీపు స్టాండు దగ్గర టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. నాన్నకి ఇష్టం లేని మాటలు వినపడవని అమ్మా నేనూ ఆటపట్టించేవాళ్ళం. అమ్మ ఎందుకో ఆ ఆటపట్టించడం ముందు మానేసింది. ఆయన్ని విశాఖపట్నం తీసుకెళ్ళి చెవులు చూపించమని నా చెవిన పోరు పెట్టింది. ఆయనతో అంటే మొహం మాడ్చుకుని లేచిపోయేవాడు. చెవి పోయిన డ్రైవరు డ్రైవరు కాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. తెలిసే ఎవరం పైకి అనలేదు.

మా ఇంటి ముందు మిరియాలు, కాఫీ ఎండబోసే సిమెంటు కళ్ళం ఉంది. దానికీ వీధికీ మధ్య వాన నీళ్ళ కాలువ. కాలువ మీద రెండు బలమైన సిల్వర్ ఓక్ దుంగలు పరిచి, కారు చక్రాలు వాటి మీదకి ఎక్కిస్తే కింద మనిషి వెల్లకిలా పడుకునే చోటు వస్తుంది. మా వర్క్‌షాప్ అదే. కళ్ళం మీద ఆయిలు చుక్క పడితే అమ్మ మా ఇద్దరినీ కలిపి కడిగేసేది. గోనెలు పరుచుకుని పని చేసేవాళ్ళం.

కోసిన స్ప్రింగులు తీసి మామూలువి వేశాం. అవి చాలవని నాన్న అన్నాడు. స్ప్రింగుల మీద కూర్చునే గట్టి దిమ్మలు తెప్పించి పెట్టాం. కారు బెత్తెడు పైకి లేచింది. తర్వాత ఇంజను అడుగున రాళ్ళు తగలకుండా రేకు కావాలి. నేను కొనడానికి ఫోనులో చూస్తుంటే నాన్న లేచి వెళ్ళి వరండా మూలనున్న గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. జీపు రేకు తీసి కారు పక్కన పెట్టాడు. గేట్లు, కాఫీ ట్రేలు చేసే వెల్డింగు షాపు అతను దాన్ని కొలత ప్రకారం కోసి, వంచి, బోల్టులకి చెవులు అతికి ఇచ్చాడు. నాన్న దాన్ని బిగిస్తుంటే నేను పక్కకి తిరిగి స్పానర్లు తుడుస్తూ కూర్చున్నాను. చూడబుద్ధి కాలేదు. ఏడుపు వస్తే ఏమిటని అడుగుతాడు.

ఆ రోజుల్లోనే నాకు చెవి సంగతి తేలిపోయింది. నేను కింద పడుకుని పన్నెండు స్పానరు అంటే పన్నెండు ఇచ్చేవాడు, పది అంటే పది. చెవులు బాగానే ఉన్నాయి, అమ్మది వట్టి అనుమానం అనుకున్నాను. ఒక రోజు దాహం వేసి, నాన్నా కాసిని మంచినీళ్ళివ్వు అన్నాను. చేతికి పధ్నాలుగు స్పానరు వచ్చింది. తల బయటికి పెట్టి చూశాను. ఆయన నా మొహం వైపు చూడటం లేదు. నా చెయ్యి ఏ బోల్టు మీద ఉందో దాన్నే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ బోల్టు చూసి ఇచ్చాడు గానీ నా మాట విని ఇవ్వలేదు. నేను ఆ స్పానరే తీసుకున్నాను. దానితో పని లేకపోయినా కాసేపు తిప్పాను.

అప్పటి నుంచి ఆయనకి చెప్పాల్సింది ఇనుము మీద కొట్టి చెప్పడం అలవాటు చేసుకున్నాను. బ్రేకుల్లోంచి గాలి తీసేటప్పుడు ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర బోల్టు వదులు చెయ్యాలి. ఆయన పెడలు దగ్గర. తొక్కు అని అరిస్తే తొక్కడు. అందుకని స్పానరుతో చక్రం పక్కన బాడీ మీద కొట్టేదాన్ని. ఆ దెబ్బ కాళ్ళ కిందకి తెలిసేది, తొక్కేవాడు. రెండుసార్లు కొడితే వదిలేవాడు. పని సాఫీగా జరిగిపోయింది. ఆ పని చేస్తూనే కింద నుంచి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాను. మన జీపు బ్రేకులాంటిది కాదు నాన్నా ఇది, ఇంజను ఆడుతుంటేనే మెత్తగా పడుతుంది, ఇంజను ఆగిపోతే రెండు మూడు తొక్కులకే పెడలు రాయైపోతుంది, జాగ్రత్త అన్నాను. ఊఁ అన్నాడు. ఆయన అన్నిటికీ ఊఁ అనే అన్నాడు. ఇది మాత్రం బండి గురించిన మాట కదా, విన్నాడనుకున్నాను.

ఆఖరున సైలెన్సరు. వెనకనుండే పెద్ద డబ్బా తీసేసి తిన్నటి గొట్టం వెయ్యాలని నాకు మొదటి నుంచీ ఉబలాటం. ఎందుకంటే చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చప్పుడు కోసమే. నేనొస్తున్నానని లోయంతా తెలియాలి, అంతే. ఘాట్లో పోలీసులు ఆపుతారు, ఊళ్ళో కోళ్ళు గుడ్లు పెట్టవు అని అమ్మ సాధించింది. నేను వినలేదు. వెల్డింగు షాపు అతను వచ్చి కళ్ళం మీదే గొట్టం అతికాడు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు నాన్న అక్కడ లేడు. పెరటివైపు తొట్టి దగ్గర ఇటు వీపు పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. నేను తాళం తిప్పాను. ఇంజను ఒక్కసారి గర్జించింది.

నాన్న వెనక్కి తిరిగాడు.

ఎవరూ ముట్టుకోకుండా, ఎవరూ ఎదటికి వెళ్ళకుండా, ఒక చప్పుడుకి ఆయన తిరగడం చూసి ఎంత కాలమైందో. తడి చేతులతోనే వచ్చి కారు వెనక నిలబడ్డాడు. ఇంకా రేజ్ చెయ్యమని చెయ్యి తిప్పి చూపించాడు. చేశాను. ఆయన మొహం చూడాలి ఆ రోజు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నాడే," అంది, నాతో కాదు, తనలో తను. ఇంక ఆ చప్పుడు గురించి మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. పక్కింటివాళ్ళు ఫిర్యాదుకి వస్తే అమ్మే వాళ్ళతో దెబ్బలాడి పంపించింది.

నేను పని నుంచి వస్తుంటే కింద వంతెన దగ్గరికి చేరేసరికే ఆయన లేచి గేటు తీసి నిలబడేవాడు. పొద్దున్నే కాఫీ తాగి, ఓపాలి స్టార్ట్ సెయ్యి అనేవాడు. మనిషిలో హుషారు వచ్చింది. జీపు స్టాండు టీ కొట్టుకి మళ్ళీ వెళ్ళాడు. నా చెవులకేటి, సైలెన్సరు బాగానే ఇనపడతంది అని మాతో వాదించాడు. నాకూ ఎక్కడో ఆశ పుట్టింది. జీపు పోయిన దిగులుతో మనిషి ముడుచుకుపోయాడు గానీ చెవులకేం కాలేదేమో అనుకున్నాను. ఆశ పుట్టాక దాన్ని కాదనుకోవడం కష్టం.

అలాంటప్పుడు మా యూనిట్‌లో కూలీలను ఊళ్ళ నుంచి తీసుకొచ్చే వ్యాన్‌కి డ్రైవరు కావాల్సివచ్చింది. అంతకుముందు ఉన్నతను కొండ దిగి మైదానానికి వెళ్ళిపోయాడు. మేనేజరుగారు నన్నే అడిగారు, మీ నాన్నగారు చేస్తారా, మీరు సరేనంటే నాకు ఇంకో మాట లేదు అన్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పడమా మానడమా అని ఊగిసలాడుతుండగానే టీ కొట్టు ద్వారా నాన్నకి చేరిపోయింది. ఎవరో రాసి చూపించారో, సైగ చేశారో. ఇంటికొచ్చి చొక్కా ఇస్త్రీ చేయించమన్నాడు. ఆ చొక్కా చూస్తే నాకు భయం వేసింది. ఆ వ్యాన్‌లో పదిమందికి తక్కువ ఎక్కరు, అందరూ ఆడవాళ్ళే, కొందరి ఒళ్ళో పిల్లలు కూడా. నేను సరేనంటే వాళ్ళ ప్రాణాలు నా మాట మీద ఉంటాయి. కాదంటే మా నాన్న మళ్ళీ వరండాలో కూర్చుంటాడు, ఈసారి ఇంక లేవడు.

చివరికి ఆయన ఎదురుగా కూర్చుని, నా పెదాలు చూసేలా మెల్లగా చెప్పాను. నా కారు తీసుకుని నన్ను ఘాటీ దింపి, శృంగవరపుకోట దాకా తీసుకెళ్ళి, మళ్ళీ పైకి తీసుకురా. తర్వాత మేనేజరుగారికి నేనే చెబుతాను. ఆయనకి అర్థమైంది. పరీక్ష పెడతన్నావేటే అన్నాడు. అవునన్నాను. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. "పెట్టాలి మరి," అన్నాడు.

మబ్బు లేని పొద్దు. అనంతగిరి దాటేదాకా నాకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన చేతిలో ఆ కారు పరుగు పెట్టలేదు, నడిచింది. మలుపులన్నీ ఒకే తీరులో తిప్పాడు. సైలెన్సరు చప్పుడు కొండకి తగిలి వెనక్కి వస్తుంటే ఆయన తల కొంచెం ఊపుతున్నాడు. దిగుడు మొదలయ్యే చోట ఒక అమ్మవారి రాయి ఉంది, డ్రైవర్లందరూ అక్కడ ఆగుతారు. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు. కారు కదిలించి, దిగుడు అందుకోగానే గేరు న్యూట్రల్ చేసి, తాళం వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది.

ఇది ఆయనకి కొత్త కాదు. నా చిన్నప్పటి నుంచి జీపుని ప్రతి దిగుడులోనూ అలాగే దింపేవాడు. డీజిలు మిగుల్చుకుంటాడు పిసినారి అని ప్యాసెంజర్లు మొహం మీదే అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. ఇంజను ఆగగానే జీపులో వాళ్ళందరూ కూడా ఎందుకో మాటలు ఆపేసేవాళ్ళు. టైర్ల చప్పుడు, గాలి, బుట్టలో కోళ్ళు. మలుపుకి ముందు ఆయన పక్కకి తీసి ఆపితే, కాసేపటికి ఎక్కుతూ ఏదో ఒక బండి వచ్చేది. ఘాట్లో ఎక్కే బండికి దారి ఇవ్వడం మర్యాద. ఏ బండి ఏ వేళకి వస్తుందో ఈయనకి కంఠతా వచ్చు అనుకునేవాళ్ళం.

ఆ రోజు నేను గట్టిగా నాన్నా అన్నాను. వినలేదు. భుజం పట్టుకుందామనుకునేలోపు కారు వేగం అందుకుంది. జీపు అలవాటు ప్రకారం బ్రేకుని తొక్కి వదిలి, తొక్కి వదిలి, తొక్కి వదిలాడు. మూడో తొక్కుకి పెడలు బిగుసుకుపోయింది. స్టీరింగూ బరువెక్కింది. ఆయన మొహంలో నాకు మొట్టమొదటిసారి బెదురు కనిపించింది. సరిగ్గా అప్పుడు కింద మలుపు అవతల నుంచి బస్సు ఎక్కుతున్న చప్పుడు నాకు వినపడింది. బస్సు డ్రైవరు హారను కూడా కొట్టాడు, పొడుగ్గా. నాన్న రోడ్డుకి మధ్యలోనే ఉన్నాడు. ఆయనకి ఆ హారను లేదు. నా అరుపూ లేదు.

ఒక చేత్తో హ్యాండ్ బ్రేకు లాగి, ఇంకో చేతి పిడికిలితో డ్యాష్‌బోర్డు మీద దబదబా బాదాను. కళ్ళం మీద నేర్చుకున్న భాష అదొక్కటే. ఆయన చటుక్కున నా వైపు చూశాడు. కొండ వైపు చెయ్యి చూపించాను. నాన్న ఇంక ఆలోచించలేదు. రెండు కాళ్ళూ పెడలు మీద వేసి, స్టీరింగుని ఒంటి బరువంతా పెట్టి ఎడమకి లాగి, కారుని కొండవారనున్న సిమెంటు కాలువలోకి దింపేశాడు. ఎడమ చక్రాలు కాలువలో పడ్డాయి. అడుగునున్న జీపు రేకు కాలువ గట్టు మీద నిప్పులు రాలుస్తూ రాసుకుంటూ పోయింది. మలుపుకి కాస్త ఇవతల కారు ఆగింది. అప్పుడు బస్సు మలుపు తిరిగి వచ్చింది. మా పక్క నుంచి మెల్లగా పైకి పోయి ఆగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకాపావు ఇంజను, ఎన్నిసార్లు చెప్పాను, ఏం మిగుల్చుకుందామని, నన్ను చంపేద్దామనా అని నోటికొచ్చినట్టు అరిచాను. ఆయన స్టీరింగు వదల్లేదు. ముందుకే చూస్తున్నాడు. నేను అరుస్తున్నానని తెలుస్తోంది గానీ ఏమంటున్నానో తెలియడం లేదు. చివరికి ఆయనే మాట్లాడాడు.

"ఇందామనే ఆపినాను. ఇంజను ఆపితే మలుపు అవతలోడు ఇనపడతాడు. నానెప్పుడూ అలాగే దిగినాను." అప్పుడు స్టీరింగు వదిలాడు. "ఏటీ ఇనపడనేదు గుంటా. బస్సు ఎదటికొచ్చీదాకా ఏటీ ఇనపడనేదు."

అన్నేళ్ళూ ఆయన ఇంజను ఆపి దింపింది డీజిలు కోసం కాదు. పిసినారి అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. జీపులో అందరూ మాటలు ఆపేసినప్పుడు ఆయన ఒక్కడే పని చేస్తున్నాడు. ఆ పొద్దున్న నేను ఆయనకి పరీక్ష పెట్టాననుకున్నాను గానీ, ఆయన తనకి తను ఇంకో పరీక్ష పెట్టుకుని కూర్చున్నాడు. సైలెన్సరు మోత వినపడుతుంటే చెవులు తిరిగి వచ్చాయనుకున్నాడు. ఆ మోత ఆపి చూసుకుందామనుకున్నాడు.

బస్సులోంచి జనం దిగి వచ్చారు. సగం మంది నాన్నని గుర్తుపట్టారు. అందరూ చెయ్యేసి కారుని ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఏటయ్యింది, ఏటయ్యింది అని అడిగితే, బ్రేకు ఫెయిలైందని చెప్పాను. వాళ్ళు నాన్న అదృష్టం, నేర్పు అని మెచ్చుకున్నారు. నాన్న వాళ్ళ నోళ్ళు చూస్తూ నిలబడ్డాడు. పైకి నేను నడిపాను. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో అమ్మ మా మొహాలు చూసి, అన్నం పెట్టింది.

మర్నాడు మేనేజరుగారు సంగతి తెలిసి ఇంటికి వచ్చారు. బ్రేకు ఫెయిలైందట కదా, పెద్ద గండం తప్పింది, ఇంతకీ మా వ్యాన్ సంగతేం చేశారు అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న కుర్చీ ఆయనకి ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"బ్రేకు ఫెయిలవనేదు బాబూ," అన్నాడు. "నా సెవులు ఫెయిలైనాయి. నాకు ఇనపడదు. వ్యాను ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

మా ఇంట్లో ఎవరం పైకి అనలేని మాట, పరాయి మనిషి ముందు అనేశాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మేనేజరుగారు ఏదో సర్దిచెప్పబోయి, నాన్నకి వినపడదని గుర్తొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని లేచారు. ఇస్త్రీ చేయించిన చొక్కా ఆ రోజే మడతపెట్టి అమ్మకి ఇచ్చేశాడు.

ఆ వారంలో ఒక రోజు పని నుంచి ముందే వచ్చాను, వ్యాన్‌లో. కారు దుంగల మీదకి ఎక్కి ఉంది. కింద నుంచి నాన్న కాళ్ళు కనిపిస్తున్నాయి. రేకు సరిచేస్తున్నాడేమో అనుకుని వంగి చూశాను. నా తిన్నటి గొట్టం విప్పేసి పక్కన పెట్టాడు. అటక మీద పడేసిన పాత సైలెన్సరు డబ్బా దులిపి బిగిస్తున్నాడు. నేను బాడీ మీద స్పానరుతో కొట్టాను. బయటికి వచ్చాడు. ఎందుకు తీశావని చేత్తో అడిగాను.

"ఇదుంటే నీకు ఎదురొచ్చీ బండి ఇనపడదే. నాకెలాగూ ఇనపడదు. నీకు ఇనపడాల."

తీస్తే నీకు ఇంకేం వినపడుతుంది నాన్నా అన్నాను. పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. నేను ఏడుస్తున్నానని కూడా చూశాడు. నాను ఇంటికాడుంటాను, నాకేటి అన్నాడు. మళ్ళీ కిందకి దూరాడు. నేను గోనె మీద కూర్చుని ఆయన చెయ్యి ఏ బోల్టు మీద ఉందో చూసి, ఒక్కో స్పానరూ అందించాను. పని అయ్యాక స్టార్ట్ చెయ్యమన్నాడు. చేశాను. ఆయన కారు వెనకే నిలబడి ఉన్నాడు. ఇంజను ఆడుతోందో లేదో తెలియక నా వైపు చూశాడు. నేను తల ఊపాను. సరే అన్నట్టు తనూ ఊపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

తర్వాత విశాఖపట్నం తీసుకెళ్ళాం, ఈసారి గొణగలేదు. చెవికి మిషను ఇచ్చారు. అమ్మ తిట్లు వినడానికి అది చాలంటాడు. దూరపు చప్పుడు దానికి అందదు. నేను ఇంటికొచ్చే వేళకి గేటు దగ్గర కుర్చీ వేసుకుని వంతెన వైపు చూస్తూ కూర్చుంటాడు.

ఆదివారాలు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఘాటీ దిగుతుంటాను. అమ్మవారి రాయి దగ్గర కాయ ఆయనే కొడతాడు. ఇంజను ఆపను, ఈ కారుకి అది పనికిరాదు. గుడ్డి మలుపు వచ్చేముందు అద్దాలు దింపి, నెమ్మది చేసి, పక్కకి తీసుకుంటాను. మొదట్లో ఈ తతంగం నాకు ఎబ్బెట్టుగా ఉండేది. ఇప్పుడు ఆయన అడగకుండానే చేస్తున్నాను.

మొన్న అలాగే పక్కకి తీశాను. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రోడ్డు వైపు కాదు, నా మొహం వైపు చూస్తున్నాడు.

"ఏటొత్తంది?"

విన్నాను. ముందు గాలి తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కడో అడుగున, బరువుతో, చిన్న గేరులో మూలుగుతూ ఎక్కుతున్న బండి. లారీ అన్నాను, లోడుతో ఉంది అన్నాను, ఆయన చూసేలా మెల్లగా. ఆయన మలుపు వైపు తిరిగాడు. మేమిద్దరం అలాగే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి మలుపు తిరిగి, యూకలిప్టస్ దుంగలు వేసుకుని లారీ వచ్చింది.

"బాగా ఇన్నావు," అన్నాడు నాన్న. "ఇంక పోనీ."